తాడుకు అవతలి కొన

మా ఇంటి బీరువాలో ఒక పాత ఫైలు ఉంది. అందులో ఐదు ధ్రువపత్రాలు ఉన్నాయి. పర్వతారోహణ నేర్చుకోవాలని నా వద్దకు వచ్చే యువకులకు వాటిలో మొట్టమొదట నేను చూపించేది 'బి' అనే ఒక్క అక్షరం ఉన్న కాగితం. చాలామంది దాన్ని చూసి మొహమాటంగా నవ్వుతారు. గురువు తన వైఫల్యాన్ని ఇలా ముందుపెట్టుకోవడం వారికి వింతగా ఉంటుంది. కానీ మిగిలిన నాలుగు కాగితాలూ ఈ ఒక్క కాగితం వల్లనే నాకు దక్కాయి. ఆ సంగతి ఈ పత్రిక చదివే కుటుంబాలతో పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. జీవనోపాధిని మార్చుకోవాలనే సంకల్పం నేడు మన ఇళ్ళలో ఎందరికో ఉంది. మార్చుకోవలసింది ఉపాధి ఒక్కటేనా అన్న ప్రశ్న మాత్రం తక్కువమందికి తడుతుంది. నాకు కూడా ఆలస్యంగానే తట్టింది.

మాది భువనగిరి. ఊరిని ఆనుకొని ఏకశిలగా లేచిన కొండ, దానిమీద చాళుక్యరాజు ఆరవ విక్రమాదిత్యుని కాలం నాటి కోట. ఆ రాజుకు ఉన్న త్రిభువనమల్ల అనే బిరుదు నుంచే ఊరికి ఆ పేరు వచ్చింది. చిన్నతనంలో ఆ బండమీద జారుడుబల్ల ఆడుకున్నవాళ్ళం మేము. ఆ కొండ వద్దనే బండలెక్కే విద్యను నేర్పే శిక్షణాలయం వెలసింది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అనే ఇద్దరు గురుకుల విద్యార్థులు ఎవరెస్టు శిఖరాన్ని చేరినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వారు తొలి పాఠాలు నేర్చుకున్నది మా భువనగిరి బండమీదనే. ఆ వార్తను నేను ఆఫీసులో కూర్చొని చదివాను.

అది ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ. వాహనాలపై ఇచ్చిన అప్పులను వసూలు చేసే విభాగంలో నేను పదకొండేళ్ళు పనిచేశాను. ప్రతి నెలా ఒక టార్గెట్. అది పూర్తయితే అదనపు సొమ్ము, కాకపోతే అందరి ముందూ మందలింపు. వడ్డీని దివ్య ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా నిషేధించిందో నాకు తెలియనిది కాదు. వడ్డీ పత్రం రాసేవాడూ, దానికి సాక్షిగా నిలిచేవాడూ ఆ పాపంలో భాగస్థులేనని ప్రవక్త (సఅసం) హెచ్చరించిన సంగతి శుక్రవారపు ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాను. విని, సోమవారం మళ్ళీ ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి.

ఒక రమజాన్ నెలలో, ఇఫ్తార్‌కు కొద్ది నిమిషాల ముందు, మూడు వాయిదాలు బాకీపడిన ఒక ఆటోను స్వాధీనం చేసుకోవడానికి వెళ్ళాను. ఆ ఆటో యజమాని నన్ను తిట్టలేదు, బతిమాలలేదు. లోపలికి వెళ్ళి ఒక చేతిలో తాళంచెవి, మరో చేతిలో చిన్న పళ్ళెం పట్టుకొని వచ్చాడు. పళ్ళెంలో మూడు ఖర్జూరాలున్నాయి. "ముందు రోజా విడవండి భాయ్, తర్వాత బండి తీసుకెళ్ళండి" అన్నాడు. నేను ఆ ఖర్జూరం తిన్నాను. ఆ బండినీ తీసుకెళ్ళాను. ఆ రోజుకు నా టార్గెట్ పూర్తయింది.

ఆ తరువాత కూడా రాజీనామా చేయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇద్దరు పిల్లలు, వృద్ధులైన తల్లిదండ్రులు, ఇంటి అద్దె, ఇవన్నీ ఎదురుగా నిలిచాయి. నా శ్రీమతి ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఇద్దరం కూర్చొని లెక్క వేశాం. ఆమె జీతం, మా పొదుపు కలిపితే ఏడాదిన్నర గడుస్తుంది. ఆదివారాలు మా ఊరి బండమీద నేర్చుకున్న విద్య ఉంది కదా, దాన్నే ఉపాధిగా మలచుకుందామని నిశ్చయించుకున్నాను. ముప్పై ఆరేళ్ళ వయసులో 2021 చివర ఉద్యోగం వదిలాను. ఆ రాత్రి రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, నేను శుభ్రపడ్డాననే అనుకున్నాను.

ఈ విద్యకు మన దేశంలో ఒక క్రమం ఉంది. 1953లో టెన్జింగ్ నోర్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టును అధిరోహించిన మరుసటి ఏడాదే డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. టెన్జింగే అక్కడ క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టరు. ఆ తరువాత మనాలి, ఉత్తరకాశీ, పహల్‌గామ్‌లలోనూ ఇటువంటి సంస్థలు వెలిశాయి. ముందుగా ఇరవై ఎనిమిది రోజుల ప్రాథమిక కోర్సు. అందులో 'ఎ' శ్రేణి వస్తేనే మరో ఇరవై ఎనిమిది రోజుల ఉన్నత కోర్సుకు అర్హత. అక్కడా 'ఎ' వస్తేనే శిక్షకులను తయారుచేసే బోధన పద్ధతుల కోర్సుకు వెళ్ళవచ్చు. 'బి' వచ్చినవారికి తాము కోర్సు పూర్తిచేశామన్న కాగితం దక్కుతుంది, పై మెట్టుకు దారి మాత్రం మూసుకుపోతుంది.

2022 వేసవిలో గఢ్వాల్ హిమాలయాలలో ప్రాథమిక కోర్సులో చేరాను. నా తోటివారిలో అత్యధికులు ఇరవై, ఇరవై రెండేళ్ళ యువకులు. ఆరేడుగురిని కలిపి ఒక జట్టుగా చేస్తారు. ఆ జట్టును అక్కడ 'రోప్' అంటారు, అంటే తాడు. శిక్షకులను అందరూ 'ఉస్తాద్' అని పిలుస్తారు. మదర్సాలో ఖుర్ఆన్ నేర్పిన గురువును పిలిచిన ఆ పిలుపు మంచుకొండల మధ్య వినిపించినప్పుడు మనసుకు ఎంతో ఆత్మీయంగా తోచింది.

మొదటి పది రోజులు బండల మీద శిక్షణ. ఎనిమిది ఆకారపు ముడి, బోలైన్ ముడి, ప్రూసిక్ ముడి వేయడం. తోటివాడు ఎక్కుతుంటే కింద నిలబడి తాడును అదుపులో ఉంచడం. తాడు ఆధారంగా నిట్రబండ దిగడం. తరువాత పదిహేను కిలోలకు పైబడిన బరువు వీపున మోస్తూ బేస్ క్యాంపుకు నడక. అక్కడి నుంచి హిమానీనదంపై బూట్లకు ఇనుప ముళ్ళు కట్టుకొని నడవడం, జారిపడితే మంచుగొడ్డలిని గుచ్చి తనను తాను ఆపుకోవడం. నమాజు విషయమై బయలుదేరే ముందే మా మస్జిద్ ఇమామ్ గారిని అడిగి, ప్రయాణికునికి ఉన్న సడలింపులను తెలుసుకొని వెళ్ళాను. నాలుగు రకాతుల ఫర్జ్ రెండయింది. వుజూతో తొడుక్కున్న తోలు మేజోళ్ళపై మూడు పగళ్ళు, మూడు రాత్రుల వరకు మసహ్ చేసుకునే వెసులుబాటు ఎంతటి కారుణ్యమో, నీళ్ళు గడ్డకట్టే ఆ ఫజర్ వేళల్లోనే నాకు బోధపడింది.

నేను ప్రతి పరీక్షలోనూ ముందున్నాను. బరువుతో నడకలో మొదటివాణ్ణి, బండ ఎక్కడంలో మొదటి ముగ్గురిలో ఒకణ్ణి. ఏ రోజు ఎవరికి ఎన్ని మార్కులు వస్తాయో మనసులోనే లెక్కలు వేసుకునేవాణ్ణి. ఆ లెక్కలు నాకు ఎక్కడ అలవడ్డాయో అప్పుడు ఆలోచించలేదు.

బేస్ క్యాంపులో రెండో రాత్రి, నా గుడారంలోనే ఉన్న ఒక కుర్రవాడు భోజనం ముట్టలేదు. తల పగిలిపోతోందన్నాడు. ఎవరికీ చెప్పవద్దని నన్ను ప్రాధేయపడ్డాడు, చెబితే కిందికి పంపేస్తారని అతని భయం. ఎత్తైన ప్రదేశాలలో ఇటువంటి తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం శరీరం ఇస్తున్న తొలి హెచ్చరికలని మాకు అప్పటికే పాఠం చెప్పారు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం తగ్గిపోతుంది. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు సగమే. శరీరం దానికి అలవాటుపడేందుకు సమయం కావాలి. లక్షణాలు ముదిరితే మెదడులో, ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణం పోవచ్చు. అప్పుడు కిందికి దించడమే అసలైన చికిత్స.

ఇవన్నీ నాకు తెలుసు. అయినా మరునాడు జట్ల మధ్య పోటీ ఉంది. అతడు దిగిపోతే మా తాడుకు ఒక మనిషి తగ్గుతాడు. "మాత్ర వేసుకొని పడుకో, పొద్దున్నకు తగ్గిపోతుంది" అన్నాను. తెల్లవారి హిమానీనదం మీద నడుస్తుండగా నా వెనుక తాడు ఒక్కసారిగా బిగిసింది. విసుగుతో ముందుకు లాగాను. వెనుదిరిగి చూస్తే అతడు మోకాళ్ళ మీద కూలబడి వాంతి చేసుకుంటున్నాడు. శిక్షకులు క్షణం ఆలస్యం చేయకుండా ప్రాణవాయువు పెట్టి అతణ్ణి కిందికి దించారు. అల్‌హమ్దులిల్లాహ్, మూడో రోజుకు కోలుకున్నాడు.

కోర్సు చివర మా ఉస్తాద్ నన్ను ఒంటరిగా పిలిచారు. యాభై దాటిన గఢ్వాలీ, మితభాషి. "ఆ రాత్రి అతనికి బాగోలేదని నీకు తెలుసా?" అని అడిగారు. అబద్ధం ఆడడానికి ఒక్క క్షణం నాలుక కదిలింది. "తెలుసు" అన్నాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "నువ్వు బాగా ఎక్కుతావు. తాడుకు అవతలి కొన ఒకటుందని మాత్రం నీకు గుర్తుండదు. నీ చేతికి మనుషులను ఇప్పుడే అప్పగించలేను" అన్నారు. నా కాగితం మీద 'బి' పడింది.

తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చొని, లాగిన ఆ తాడు గురించే ఆలోచించాను. వడ్డీ వ్యాపారాన్ని వదిలి వచ్చాను, నిజమే. కానీ ఎదుటి మనిషిని ఒక అంకెగా చూసే చూపును వదలలేదు. అది నాతోపాటు సంచిలో దాక్కొని కొండ దాకా వచ్చింది. ఖర్జూరాల పళ్ళెం పట్టుకున్న మనిషిని చూడనివాడు, మోకాళ్ళ మీద పడ్డ కుర్రవాణ్ణి మాత్రం ఎలా చూస్తాడు? వృత్తి హలాల్ కావచ్చు. అందులో చేసే పనిని హలాల్‌గా నిలబెట్టుకోవడం రోజూ చేయవలసిన శ్రమ అని అప్పుడు గ్రహించాను.

మళ్ళీ వెళ్ళాలంటే రుసుము కట్టాలి, మరో నెల సంపాదన లేకుండా గడపాలి. ఇంతలోనే ఆ అక్టోబర్ వచ్చింది. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం వద్ద మంచు చరియలు విరిగిపడి, ఉన్నత కోర్సులో శిక్షణ పొందుతున్నవారు, వారి శిక్షకులు కలిపి 29 మంది మరణించారు. ఆ మే నెలలోనే పదహారు రోజుల వ్యవధిలో ఎవరెస్టునూ, మకాలునూ అధిరోహించిన సవితా కన్స్వాల్ కూడా శిక్షకురాలిగా వారితో ఉన్నారు. నైపుణ్యం ప్రాణానికి పూచీ కాదని ఆ వార్త చెప్పకనే చెప్పింది.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. పిల్లలు పడుకున్నాక నా శ్రీమతి అడిగింది: "నేను వెళ్ళవద్దని అనను. కానీ మీరు కొండెక్కడం నేర్చుకోవడానికి వెళ్తున్నారా, తిరిగి రావడం నేర్చుకోవడానికి వెళ్తున్నారా? అది తేల్చుకొని వెళ్ళండి." ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భరోసా ఉంచమన్న ప్రవక్త (సఅసం) బోధను ఆమె తన మాటల్లో నాకు గుర్తుచేసింది. వాతావరణాన్ని చదవడం, మంచు పొరలను గుర్తించడం, అనుమానం కలిగితే ఆగిపోవడం, ఇవన్నీ ఒంటెను కట్టడమే. అవన్నీ చేసిన తరువాత కూడా మిగిలిపోయేదే అల్లాహ్ నిర్ణయం.

2023లో ప్రాథమిక కోర్సును మళ్ళీ చేశాను. ఈసారి నడకలో ఎన్నడూ మొదటివాణ్ణి కాలేదు. మా తాడులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాని వెనుక నడిచాను. 'ఎ' వచ్చింది. అదే సంవత్సరం శరదృతువులో ఉన్నత కోర్సు, మరుసటి వసంతంలో బోధన పద్ధతుల కోర్సు, మధ్యలో మారుమూల ప్రాంతాలలో చేయవలసిన ప్రథమచికిత్స శిక్షణ పూర్తయ్యాయి. బోధన పద్ధతుల కోర్సులో ఒక్క ముడిని నేర్పడానికి కూడా పాఠ ప్రణాళిక రాయించారు: ముందు మాట్లాడకుండా వేసి చూపాలి, తరువాత వివరిస్తూ వేయాలి, పిమ్మట వారిచేత వేయించాలి, తప్పును అవమానించకుండా సరిదిద్దాలి. పాఠం ముగిశాక పరీక్షకుడు అడిగే ప్రశ్న ఒక్కటే: "చివరి వరుసలో ఉన్నవాడికి వచ్చిందా?"

నాకు అసలు పరీక్ష మాత్రం ధ్రువపత్రాలన్నీ చేతికి వచ్చాకనే ఎదురైంది. 2024 జూలైలో తొమ్మిదిమందితో హంప్తా కనుమ యాత్రకు నాయకత్వం వహించే పని దొరికింది. మనాలి వైపు పచ్చని లోయ నుంచి సుమారు 4,270 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ దాటి, లాహౌల్ వైపు బంజరు కొండలలోకి దిగే దారి అది. కనుమకు ముందు బాలూ కా ఘేరా అనే చోట విడిది. రాత్రంతా వర్షం. తెల్లవారి అందరినీ పలకరిస్తుండగా, యాభై దాటిన ఒక పెద్దమనిషి "బాగా నిద్రపట్టింది" అన్నారు గాని, చేతిలోని టీ గ్లాసు ముట్టలేదు. ఒక పాదం మడమను మరో పాదం వేలికి ఆనించి గీతమీద నడిచినట్టు నడవమని కోరాను. మూడో అడుగుకే పక్కకు తూలారు. మెదడుకు ముప్పు మొదలైందనడానికి అది స్పష్టమైన సూచన.

వెంటనే దిగాలి. ఒక యువకుడు అడ్డు చెప్పాడు: "మీ సహాయకుణ్ణి ఇచ్చి ఆయనను కిందికి పంపండి. మేము డబ్బు కట్టి వచ్చాం, మమ్మల్ని పైకి తీసుకెళ్ళండి." ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ రాత్రి వానకు వాగులు పొంగాయి, కనుమను మేఘం కమ్మింది, నాకున్న సహాయకుడు ఒక్కడే. తూలుతున్న మనిషిని దించడానికి ఒక్కడు చాలడు. పొగమంచులో ఎనిమిదిమందిని ఒంటరిగా కనుమ దాటించడం నాకు తగదు. అయినా ఆ క్షణంలో పదకొండేళ్ళ నాటి పాత గొంతు చెవిలో పలికింది: టార్గెట్. ఇది నా మొదటి పని. కనుమ దాటించకపోతే రెండో పని రాకపోవచ్చు.

అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) గారి వృత్తాంతం మనసులో మెదిలింది. సిరియాకు ప్రయాణమైన ఖలీఫా, అక్కడ మహమ్మారి ప్రబలిందని తెలిసి, సహచరులతో సంప్రదించి దారి మధ్యలోనే వెనుదిరిగారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అంతటివారు అడిగినప్పుడు, అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళ్తున్నామని ఆయన సమాధానమిచ్చారు. అంతటి సేనాధిపతికి వెనుదిరగడం అవమానం కానప్పుడు నాకెందుకవుతుంది? ముగ్గురు కలిసి ప్రయాణమైతే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమన్నారు ప్రవక్త (సఅసం). అటువంటి ఘడియలో ఎవరో ఒకరు అప్రియమైన మాట చెప్పగలగాలి కాబట్టే ఆ బోధ అని నాకు అనిపించింది. "అందరం దిగుతున్నాం" అన్నాను. చికాకు పడుతూనే అందరూ దిగారు. దిగేకొద్దీ ఆ పెద్దమనిషి మాట తేటపడింది. మరునాడు వైద్యుడు పరీక్షించి ప్రమాదం తప్పిందన్నారు.

యాత్ర నిర్వాహకులు నాకు సగం సొమ్మే ఇచ్చారు. కొందరు తమ డబ్బు వాపసు అడిగారట. ఇంటికి వచ్చి ఆ సంగతి అబ్బాతో చెప్పాను. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్నవారు. నేను ఉద్యోగం మానిన నాటి నుంచి ఈ కొండల గురించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు చాలాసేపు విని, మెల్లగా అన్నారు: "బేటా, ఒకసారి శ్రీశైలం ఘాటులో పొగమంచు కమ్మితే బస్సు రెండు గంటలు ఆపేశాను. లోపల మెలకువగా ఉన్నవాళ్ళు తిట్టారు. ఆలస్యమైందని మెమో ఇచ్చారు. తీసుకున్నాను. కానీ వెనుక యాభైమంది ఉంటే, వారిలో సగంమంది నిద్రపోతుంటారు. ముక్కూ మొహం తెలియని డ్రైవర్‌ను నమ్మి నిద్రపోతారు. ఆ నిద్ర అమానత్." కొంచెం ఆగి, "వచ్చే నెల ఎక్కడికి వెళ్తున్నావు?" అని అడిగారు. ఆ రెండేళ్ళలో నా పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

ఇప్పుడు చలికాలంలో మా భువనగిరి బండమీద బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. హిజాబ్ మీద హెల్మెట్ బిగించుకొని ఎక్కే ఆడపిల్లలూ వారిలో ఉన్నారు. వేసవిలో, వానాకాలపు తొలిరోజుల్లో హిమాలయాలకు బృందాలను తీసుకెళ్తాను. పాత జీతంతో పోలిస్తే రాబడి తక్కువ, నెలనెలా ఒకేలా ఉండదు. ఈ దారిలోకి రాదలచిన సోదర సోదరీమణులకు నాదొక మనవి. ముందు సెలవు పెట్టి ప్రాథమిక కోర్సు చేయండి, ఆ పిమ్మటే రాజీనామా గురించి ఆలోచించండి. కనీసం ఏడాదిన్నర ఖర్చులు చేతిలో ఉంచుకోండి. ఇంట్లోవారి సమ్మతిని తెచ్చుకోండి. పిల్లలను కొండయాత్రలకు పంపే తల్లిదండ్రులు నాయకుని ధ్రువపత్రాలను తప్పక అడగండి. దానితోపాటు, ఆయన ఎన్నిసార్లు మధ్యలో వెనుదిరిగారో కూడా అడగండి. ఒక్కసారీ లేదని గర్వంగా చెప్పేవారి విషయంలో కాస్త ఆలోచించండి.

ఒక లెక్క మాత్రం నాకు ఇంకా తేలలేదు. ఆ ఆటో యజమాని కోసం రెండుసార్లు ఆ వాడకు వెళ్ళాను. ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారన్నారు. అల్లాహ్ హక్కుల విషయంలో పశ్చాత్తాపం చాలవచ్చు. దాసుల హక్కుల విషయంలో ఆ దాసుడే క్షమించాలి. ఎక్కడైనా ఈ పత్రిక ఆయన చేతికి అందితే, ఆనాటి ఖర్జూరాన్ని నేను మరువలేదని ఆయనకు తెలియాలి. మనకు అప్పగించిన ప్రతి మనిషినీ మనిషిగా చూసే దృష్టిని, అవసరమైనచోట వెనుదిరిగే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.